వరదొస్తే దగ్గరయ్యే ఇల్లు

మా గోదావరి జిల్లాల్లో కొత్త మనిషి ఎదురుపడితే పేరు తరవాత అడుగుతాం, ముందు ఊరు అడుగుతాం. "ఏ ఊరండి మనది?" అన్నది మాకు పలకరింపు. అందులో ప్రేమ ఉంది, కాదనను. ఊరు చెప్పగానే "అక్కడ ఫలానా వాళ్ళు మాకు చుట్టాలండి" అని అందుకుని, కాఫీ తాగేదాకా వదిలిపెట్టం. కానీ ఉద్యోగానికి వచ్చిన పిల్లని టేబులుకి అవతల నిలబెట్టి అదే మాట అడిగితే అది జల్లెడ అయిపోతుంది. నేను చాలా ఏళ్ళు ఆ టేబులుకి ఇవతల కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ ఇన్‌ఛార్జిగా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. నర్సులు, ఆయాలు, వార్డు బాయ్‌లు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్ళు, ఎవరు కొత్తగా చేరాలన్నా ముందు నా దగ్గరికి వచ్చేవారు. ఎవరికి ఏ డ్యూటీ వేయాలో చూసేదీ నేనే. సంతకం మేనేజరు గారిది, తిట్లు నావి. ఇప్పుడు ఉద్యోగాల కోసం తిరుగుతున్న పిల్లలూ, ఉద్యోగాలిచ్చే కుర్చీల్లో కొత్తగా కూర్చుంటున్న పిల్లలూ, ఇద్దరూ ఇది చదవాలని నా ఆశ. చదివి ఏదో నేర్చుకోవాలని కాదు. ఆ ఒక్క రోజు నేను చూసింది మీకూ చూపించాలని ఉంది, అంతే.

ముందు నా సంగతి చెబుతాను. మాది నిడదవోలు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పశ్చిమగోదావరి జిల్లా, మానేసేటప్పటికి తూర్పుగోదావరి జిల్లా. ఊరు అంగుళం కదల్లేదు, మేం ఇల్లు మారలేదు, అడ్రసు మాత్రం మారిపోయింది. ఆ ఏడు ఆధార్ కార్డు సంగతి వచ్చినప్పుడల్లా మా ఆయన "ఇంట్లో కూర్చునే వలస పోయాం" అని నవ్వేవారు.

మా ఊరు జంక్షన్ కాబట్టే నాకు ఉద్యోగం వచ్చింది. ఇది వినయంతో చెబుతున్న మాట కాదు, జరిగిందే అది. నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు నాకంటే బాగా చదివేది, నాకంటే చక్కగా మాట్లాడేది. వాళ్ళ ఊరు కాలవ గట్టు మీద బాగా లోపలికి ఉంటుంది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అది కూడా డ్రైవరు గారి ఒంట్లో బాగుంటే. ఇద్దరం కలిసే ఆసుపత్రికి ఇంటర్వ్యూకి వెళ్ళాం. అప్పటి పెద్ద డాక్టరు గారు ఇద్దరినీ ఊరు అడిగారు. "నీకు రైలుంది, రాగలవు" అని నన్ను ఉంచుకున్నారు. ఆమె తరవాత సొంతంగా టైలరింగ్ పెట్టుకుని బాగానే స్థిరపడింది లెండి. ఇప్పటికీ కనిపిస్తే "నీ తెలివేం లేదే, అంతా మీ ఊరి పట్టాల తెలివి" అని ఏడిపిస్తుంది. నిజమే కదా అనుకుంటాను.

ఆ పట్టాలకి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. పొద్దున్నే పాసింజరు, లేడీస్ పెట్టె. చీరలకి ఫాల్ కుట్టుకునేవాళ్ళు, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేవాళ్ళు, పరీక్షకి చదువుకునేవాళ్ళు. కొవ్వూరు దాటి బ్రిడ్జి మీదికి రాగానే అందరూ చేతిలో పని ఆపేసి, పర్సులోంచి ఓ రూపాయి తీసి గోదావరిలోకి విసిరి దండం పెట్టుకునేవారు. నేనూ వేసేదాన్ని. కిందకి చూస్తే ఏటి మధ్యలో లంకలు కనిపించేవి. పచ్చగా అరటితోటలు, తాటాకు కప్పులు, గట్టుకి కట్టేసిన పడవలు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేవో. అక్కణ్ణించి కూడా మనుషులు ఉద్యోగాలకి రావాలనుకుంటారని చాలాకాలం నాకు తట్టలేదు.

మా మేనేజరు గారి గురించి ఇప్పుడు చెప్పాలి. చెడ్డవారు కాదు. జీతాలు ఆలస్యం చేసేవారు కాదు, ఆడపిల్లల మీద గొంతు పెంచేవారు కాదు. కానీ ఆయన బుర్రలో ఒక మ్యాపు ఉండేది. కోరుకొండ రోడ్డు అంటే ఆటోలుంటాయి, ఫరవాలేదు. ధవళేశ్వరం అంటే మంచిది. కొవ్వూరు, నిడదవోలు అంటే రైలుంది. పోలవరం వైపు అంటే పెదవి విరిచేవారు. లంక అంటే మాత్రం చేతిలో పెన్నుకి మూత పెట్టేసేవారు. ఆ టక్కుమనే చప్పుడు వింటే ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

"నీళ్ళు దాటి వచ్చేవాళ్ళు మనకొద్దండి" అనేవారు.

"నేనూ నీళ్ళు దాటే వస్తున్నానండి" అన్నాను ఒకసారి.

"మీది బ్రిడ్జండి. అది వేరు."

ఆయన పట్టుదలకి ఒక కారణం ఉంది. నేను వేరే విభాగంలో ఉన్న రోజుల్లో, లంక నించి వచ్చే ఒక వార్డు బాయ్ స్ట్రెచర్లు తోసేవాడట. పెద్ద వరద వచ్చి పడవలు ఆపేస్తే వారం పైగా కనపడలేదట. తీరా వచ్చేసరికి ఆ పనిలో ఇంకొకణ్ణి పెట్టేశారు. అప్పటినించీ అది రూలైపోయింది. ఎక్కడా రాసి లేదు గానీ, ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

వరద పైకి చెప్పే కారణం. చెప్పనిది ఇంకోటి ఉంది. లంకలో ఉండేవి ఎక్కువగా చేపలు పట్టుకుని, అమ్ముకుని బతికే కుటుంబాలు. "పేషెంట్లు ఏమనుకుంటారో" అని ఓ మాట గొంతు తగ్గించి అనేవారు. ఏమనుకుంటారో అని అనుకునేది పేషెంట్లు కాదని నాకు తెలుసు. చేపల పులుసు మాత్రం ఆయనకి ప్రాణం.

అటువంటి రోజుల్లో ఒక అమ్మాయి డయాలిసిస్ యూనిట్‌లో నర్సు ఉద్యోగానికి వచ్చింది. నర్సింగ్ బాగా పాసైంది, కాకినాడలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ పని కూడా నేర్చుకుంది. తండ్రి లేడు, తల్లి కోసమని వెనక్కి వచ్చేసింది. ఊరు అడిగితే టౌన్లో ఓ పేట పేరు చెప్పింది. మేనేజరు గారి పెన్ను హాయిగా కదిలింది.

నేను మాత్రం ఆ పిల్ల కాళ్ళ వైపు చూశాను. బయట చుక్క వాన లేదు. తెల్లటి పంజాబీ డ్రెస్సు, ఇస్త్రీ మడత నలగలేదు, కింద మాత్రం జానెడు తడి. చెప్పులకి ఏటి ఇసక. వరండాలోకి తీసుకెళ్ళి అడిగాను.

"పడవ దిగి వచ్చావా అమ్మా?"

దాచలేదు. "మేనత్త వాళ్ళ ఇల్లండి, ఆ పేటలో. లంక అని చెప్పిన చోటల్లా తరవాత ఫోన్ చేస్తామన్నారు. అందుకని ఇక్కడ మా అత్త వాళ్ళ పేట చెప్పానండి."

"ఫోన్ చేశారా?"

"లేదండి" అని నవ్వింది. ఆ నవ్వుకి నేను పడిపోయాను. అత్త ఇల్లు అత్త ఇల్లే కదా, అబద్ధం ఏముంది అని నాకు నేనే సర్దిచెప్పుకుని లోపలికి పంపేశాను.

పనిలోకి వచ్చాక ఆ పిల్ల గురించి ఎవరూ నాకు ఫిర్యాదు చేయలేదు. డయాలిసిస్ అంటే, కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని మిషను ద్వారా శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి పంపడం. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. ఇష్టమైతే వచ్చి, లేకపోతే మానేసేది కాదు అది. మానితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. పండగైనా, బందైనా, ఇంట్లో పెళ్ళైనా రావాల్సిందే. అలా ఏళ్ళ తరబడి వచ్చే వాళ్ళకి ఆ మంచాలు రెండో ఇల్లు. కోరుకొండ నించి వచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. సూది గుచ్చేటప్పుడు అందరినీ తిట్టేవారు. ఈ పిల్ల వచ్చాక తిట్లు మానేసి పద్యాలు మొదలుపెట్టారు. "తిట్లే నయమండి, త్వరగా అయిపోయేవి" అనేవాడు మా టెక్నీషియన్. అతను మిషన్ల మీద ప్రేమ, పెసరట్టు మీద భక్తి ఉన్న మనిషి. ఎవరినీ ఓ పట్టాన మెచ్చుకోడు. "ఈ అమ్మాయి చేయి మంచిదండి" అని నాతో రెండుసార్లు అన్నాడు.

ఒకరోజు ఇంకో పేషెంటు తాలూకు ఆవిడ డయాలిసిస్ గదిలోకి వచ్చి, ఆ పిల్లని తేరిపార చూసి, "నువ్వు మార్కెట్లో చేపలమ్మే లంకావిడ కూతురివి కాదూ?" అంది. "అవునండి" అంది ఆ పిల్ల, చేతిలో పని ఆపకుండా. ఆ ఆవిడ మనసులో ఏమీ లేదు, "మీ అమ్మ తూకం మంచిదే" అని కూడా అంది పాపం. కానీ మాట సాయంత్రానికి మేనేజరు గారి గది చేరింది.

"అడ్రసు అబద్ధం చెప్పింది. రేపటినించి వద్దనండి" అన్నారు నాతో.

అప్పుడు కిడ్నీ డాక్టరు గారు అడ్డుపడ్డారు. "ఆ అమ్మాయిని తీసేస్తే పొద్దున బ్యాచ్‌కి సూదులు మీరు గుచ్చుతారా?" అని అడిగారు. మేనేజరు గారికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. కాసేపు అటూ ఇటూ నడిచి, ఆ పిల్లని పిలిచి చెప్పేశారు. "వరదల సీజను వస్తోంది. దాటనివ్వు. ఒక్క రోజు కూడా మానకుండా వస్తే పర్మినెంటు చేస్తాను. ఒక్క రోజు రాకపోయినా ఇంక రానక్కర్లేదు. సరేనా?"

"సరేనండి" అంది. నాకైతే కోపం వచ్చింది. ఏరు ఎప్పుడు పొంగుతుందో ఆ పిల్ల చేతుల్లో ఉందా? బయటికి వచ్చాక అదే అన్నాను. "ఇంకో చోట ఈ మాత్రం కూడా అడగరు మేడమ్, పెన్ను మూసేస్తారు" అంది. పెన్ను సంగతి తను కూడా గమనించిందన్నమాట.

ఆ ఏడు శ్రావణం మొదట్లోనే వానలు పట్టుకున్నాయి. ఎగువన కూడా ముసురే. ఏట్లో నీళ్ళు ఎర్రబడ్డాయి, దుంగలూ చెత్తా కొట్టుకొస్తున్నాయి. రైల్లో ఆడవాళ్ళు రూపాయి వేసి దండం పెట్టుకోవడంతో ఆగకుండా "చల్లగా చూడు తల్లీ" అని పైకి అనడం మొదలుపెట్టారు. ఒక సాయంత్రం ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇస్తారనీ, రాత్రినించి పడవలు తిప్పరాదనీ తెలిసింది.

మేనేజరు గారు నన్ను పిలిచారు. "రేపు డ్యూటీలన్నీ టౌన్ వాళ్ళకే వేయండి. ఆ లంక అమ్మాయిని వేయొద్దు. ఎలాగూ రాదు" అన్నారు. మర్నాటికి టెక్నీషియన్‌ని, ఇంకో టౌన్ నర్సుని వేశాను. ఆ పిల్ల బ్యాగు సర్దుకుంటూ విన్నది.

"నన్ను కూడా వేయండి మేడమ్. వస్తాను."

"పడవలు ఆపేస్తారుటే. ఎలా వస్తావు? ఈ రాత్రికి నర్సుల గదిలో పడుకో, నేను చెబుతాను."

"అమ్మ ఒక్కతే ఉందండి. బియ్యం అటకెక్కించాలి, మేకల్ని దాటించాలి. వస్తానండి" అని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆఖరి పడవ అందుకోవాలి మరి. మేకల్ని ఎక్కడికి దాటిస్తారో నేను అడగలేదు. వరదొస్తే లంకవాళ్ళు ఏటిగట్టు మీదికొచ్చి టార్పాలిన్ బరకాలు కట్టుకుంటారని ఏటా పేపర్లో ఫోటోలు చూసేదాన్నే. ఆ గట్టు మా ఆసుపత్రికి ఎంత దూరమో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నేనే కాదు, ఎవరూ ఆలోచించలేదు.

మర్నాడు రైలు బ్రిడ్జి మీద నత్తలా నడిచింది. కిందకి చూస్తే లంక లేదు. అరటిచెట్ల తలలు, రెండు మూడు ఇళ్ళ కప్పులు, మిగతా అంతా ఎర్రటి నీరు. నా రూపాయి చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల ఉద్యోగం పోయింది అనుకున్నాను. ఆ వెంటనే, ఉద్యోగం సంగతి దేవుడెరుగు, మనిషి ఎక్కడుందో అనుకున్నాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చున్న బ్యాంకు ఆవిడ ఏమీ అడక్కుండా నా చేయి పట్టుకుంది.

ఈలోగా వాట్సాప్ గ్రూపు మోగడం మొదలైంది. గోదావరి నిండుగా ఉంటే రాజమండ్రిలో వాననీళ్ళు ఏట్లోకి పోవు, వెనక్కి తంతాయి. పల్లంలో ఉన్న పేటలన్నీ నిండిపోతాయి. "మోకాలి లోతు మేడమ్, రాలేను." "ఆటోలు లేవు మేడమ్." టెక్నీషియన్ ఒక వీడియో పెట్టి, "మా వీధిలోకి గోదారమ్మే వచ్చిందండి, నేనెలా రాను" అని రాశాడు. టౌన్ నర్సు కూడా అంతే. మేనేజరు గారి అపార్టుమెంటు సెల్లారులో కారు మునిగింది. మ్యాపులో మంచి మార్కులు పడ్డవాళ్ళందరూ ఇళ్ళల్లో ఉండిపోయారు.

స్టేషన్లో దిగి, చీర ఎత్తిపట్టుకుని, మెరక వీధుల్లోంచి నడిచి ఆసుపత్రికి చేరాను. తిన్నగా డయాలిసిస్ గదికి వెళ్ళాను. తలుపు తీసేసరికి మిషన్ల చప్పుడు. యూనిఫాం వేసుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని, మాస్టారి చేతికి సూది గుచ్చుతోంది ఆ పిల్ల. రాత్రి డ్యూటీ నర్సు ఇంటికి వెళ్ళకుండా పక్కనే నిలబడి అందిస్తోంది. పక్క మంచం మీద పేషెంటుకి అప్పటికే మిషను పెట్టేసింది.

"ఎలా వచ్చావే?" అన్నాను.

"నడిచి వచ్చానండి. రాత్రే గట్టు మీదికి వచ్చేశాం. ఘాట్ పక్కనే. రోజూ అయితే పడవ కోసం చూడాలి, ఇసకలో నడవాలి. ఇవాళ మా ఇల్లు దగ్గరైందండి." అలా అంటూనే మాస్టారి చేతికి ప్లాస్టరు వేసింది.

ఇల్లు నీళ్ళలో ఉంది. తల్లి బరకం కింద ఉంది. ఇల్లు దగ్గరైందట. నేను బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ లోపలికి వెళ్ళి, "నేనేం చేయను చెప్పు" అన్నాను. నాకు నర్సింగ్ రాదు. "వాళ్ళకి టిఫిన్ చూడండి మేడమ్. మాస్టారు ఏమీ తినకుండా వచ్చారు" అంది. ఆ రోజంతా ఆ పిల్ల చెప్పింది చేశాను. ఇడ్లీలు తెచ్చాను, దుప్పట్లు కప్పాను, బీపీ అంకెలు చదివి వినిపించాను. కిడ్నీ డాక్టరు గారు పైకీ కిందకీ తిరుగుతూ ఉన్నారు. ఎవరి డయాలిసిస్సూ ఆగలేదు. మాస్టారు పొద్దున్నే మేనల్లుడి బండి మీద, వానకోటు వేసుకుని, తడుస్తూ వచ్చారట. మిషను ఎక్కాక పద్యం ఎత్తుకుంటూ, "నేను వస్తానో రానో నాకే తెలీదు, నువ్వు మాత్రం ఉంటావని తెలుసమ్మా" అన్నారు. ఆయనకి ఎలా తెలుసో మరి.

మధ్యాహ్నం కావొస్తుండగా కేకలు వినిపించి గేటు దగ్గరికి వెళ్ళాను. ఆసుపత్రి వీధి చివర నీళ్ళు ఆగే చోటికి ఒక చిన్న పడవ వచ్చింది. మునిగిన పేటల్లో జనాన్ని దాటించడానికి లంకవాళ్ళ పడవల్ని లారీల మీద ఊళ్ళోకి తెచ్చారు. ఆ పడవలో గొడుగు వేసుకుని, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కూర్చున్నది మా మేనేజరు గారు. నీళ్ళు దాటి వచ్చేవాళ్ళు వద్దన్న మనిషి పడవ దిగుతుంటే, అంత కంగారులోనూ నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నన్ను చూసి తల దించుకుని నవ్వారు.

పడవవాడు చేయి అందించాడు. "జాగర్తండి సార్, మెట్టు జారుద్ది."

మేనేజరు గారు దిగి, అతని మొహం అప్పుడు సరిగ్గా చూశారు. "నిన్ను ఎక్కడో చూశానయ్యా."

"మీ దగ్గరే చేశానండి. అప్పట్లో స్ట్రెచర్లు తోసేవోణ్ణి."

మేనేజరు గారు గొడుగు మూయడం మర్చిపోయారు. "మరి ఆ వరదకి రాకుండా పోయావేంటయ్యా?" అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

"ఎక్కడికీ పోలేదండి. ఇదే గట్టు మీద ఉన్నాను, బరకం కట్టుకుని. ఇక్కడ్నించి కేకేత్తే ఇనపడుద్ది. రమ్మని ఎవరూ కబురెట్టలేదండి. వరదలో మాకు పనులుండవు కదండీ, డ్యూటీ ఉంటదని నాకు తెలీలేదు. మీరేమో నేను రాలేననుకున్నారు. నేనేమో అక్కర్లేదేమో అనుకున్నాను. అంతేనండి జరిగింది." కర్ర నీళ్ళలో పోటేసి పడవ తిప్పుతూ, "మా అన్నయ్య కూతురు లోపలుంది కదండీ. పొద్దున్నే వచ్చేసింది. డ్యూటీ ఉంటదని ఈసారి ముందే తెలుసు దానికి" అన్నాడు.

ఇన్నేళ్ళ రూలు వెనక ఉన్నది అది. ఒక మనిషి కేకేస్తే వినపడే దూరంలో వారం రోజులు కూర్చున్నాడు. కేకేసే దిక్కు లేదు, అంతే.

మేనేజరు గారు నా వెనకే డయాలిసిస్ గది దాకా వచ్చారు. రక్తం గొట్టాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయి గోడ పట్టుకున్నారు. ఆ పిల్ల లేచి నిలబడబోతే కూర్చోమని సైగ చేశారు. "మీ బాబాయి తీసుకొచ్చాడమ్మా నన్ను" అని మాత్రం అన్నారు. సీజను అయ్యేదాకా ఆగలేదు, ఆ వారంలోనే పర్మినెంటు చేసేశారు.

సాయంత్రం వెలుగుండగానే ఆ పిల్లతో కలిసి గట్టు దాకా వెళ్ళాను. నిజంగానే నాలుగు అడుగులు. వరసగా బరకాలు, మధ్యలో మేకలు, కోళ్ళు, మంచాలు, టీవీ పెట్టెలు. వాళ్ళ అమ్మ ఇటుకల పొయ్యి మీద టీ పెట్టింది. కూర్చోడానికి ఏమీ లేదని, మడత పెట్టిన వల వేసి దాని మీద కూర్చోబెట్టింది.

"మీ అమ్మాయి ఇవాళ చాలామందిని నిలబెట్టిందండి" అన్నాను.

"ఏటా వత్తామండి ఈ గట్టు మీదికి. ఏటా ఎవరో ఒకరు అన్నం పొట్లాలు అట్టుకొత్తారు. మంచోళ్ళేనండి, కాదనను. కానీ ఇక్కడున్నారు కదా, పనిలోకి వత్తారా అని అడిగినోళ్ళు లేరండి. ఇయ్యాళే మొదటిసారి, మా ఇంట్లోంచి ఒకళ్ళు గట్టు దిగి డ్యూటీకెల్లారు."

ఆ టీ రుచి నాకు ఇంకా గుర్తుంది. మేకపాల టీ. మా డ్యూటీ రూము కాఫీలన్నీ దాని ముందు దిగదుడుపే. ఇంకో గ్లాసు అడిగాను. ఆవిడ సంబరపడి పోసింది.

తరవాత మా ఆసుపత్రిలో కొన్ని మార్పులు వచ్చాయి. ఏవో గొప్పవి కాదు. లంక నించి ఇంకో ఇద్దరు ఆయాలు చేరారు. ఆఖరి పడవ వేళకి వాళ్ళ డ్యూటీ దిగేటట్టు వేసేదాన్ని. పోలవరం వైపు ప్రాజెక్టు కోసం ఊళ్ళు ఖాళీ చేసి కొత్త కాలనీకి వచ్చినవాళ్ళ అమ్మాయి ఒకతె చేరింది. ఆ కాలనీకి బస్సు ఎప్పుడు వస్తుందో ముందు కనుక్కుని, షిఫ్టు దాని తరవాత పెట్టాం. పడవవాడిని మళ్ళీ రమ్మని మేనేజరు గారే కబురు పెట్టారు. "ఇప్పుడు పడవే బాగుందండి, పైగా మీకు మళ్ళీ అవసరం పడొచ్చు" అన్నాడట. మేనేజరు గారు పోయేదాకా ఆ మాట అందరికీ చెప్పుకుని నవ్వేవారు. ఊళ్ళో మనిషికి తెలివి ఎంతుందన్నదాని కంటే, ఇంటి ముందుకి ఏం వచ్చి ఆగుతుందన్నదే చాలాసార్లు ఉద్యోగం ఇస్తుంది. రైలా, బస్సా, పడవా, లేకపోతే ఏమీ లేదా. దాని పక్కన ఇంకోటి కూర్చుంటుంది, ఎవరి పిల్లవన్నది. నాకు మొదటిది కలిసొచ్చింది, రెండోది అడ్డం రాలేదు. అంతమాత్రాన నా గొప్ప అనుకుంటే గోదారమ్మ ఊరుకోదు.

పోయిన నెల నా బీపీ చూపించుకోడానికి ఆసుపత్రికి వెళ్ళాను. పాసింజరు ఎక్కి, బ్రిడ్జి మీద రూపాయి వేసి. నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు ఆ లంక అమ్మాయే కూర్చుంటోంది. నన్ను చూసి లేచి, బలవంతంగా పక్కన కూర్చోబెట్టింది. టేబులుకి అవతల ఒక కొత్త పిల్ల నిలబడి ఉంది, నర్సింగ్ అయిపోయిందట. ఊరు అడక్కముందే టౌన్లో ఓ పేట పేరు గడగడా చెప్పేసింది.

మా లంక అమ్మాయి ఆ పిల్ల చెప్పుల వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. ఇద్దరం నవ్వాపుకున్నాం.

"ఆ ఇల్లు మీ అత్తదా, పిన్నిదా?" అని అడిగింది మెల్లగా.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "పెద్దమ్మదండి."

"నాది మేనత్తది. కూర్చో అమ్మా." పెన్ను మూత తీసి పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పు. వరదొస్తే మీరు ఏ గట్టు మీదికి వస్తారు, ఇటువైపా, కొవ్వూరు వైపా?"

ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. "ఇటేనండి."

"అయితే దగ్గరే" అంది.